తాడిపత్రి కట్టెటోని రుమాలు

రాజురా దాటినంక రైలుకట్ట పక్కన మా సైడింగు.
ఇరవై రెండేండ్లుగ లారీలకు తాడిపత్రి కడుతున్న.
లోపల ఏమున్నదో చూడనీకి నాకు కండ్లు అక్కరలేదు.
సాస్తీ గని బొగ్గుకు తడిమట్టి వాసన.
పెట్‌కోక్‌కు
లాంతరు ఆర్పినంక మిగిలే వాసన.

అది భూమిల తవ్విన రాయి కాదట.
పెట్రోలు తీసి, డీజిలు తీసి, తారు తీసినంక
గంజు అడుగుకు అంటిన మాడుచెక్క అసొంటిదట.
ఓడల వచ్చి, రైలెక్కి,
వార్ధా నది దాటి
మా ముక్కులల్ల దిగుతది.

ల్యాబుల పనిచేసే పోరడు దేవ్‌రావ్ చెప్పిండు:
"గంధకం ఉంటది కాకా, నికెల్ ఉంటది,
వనేడియం అని ఇంకోటుంటది."
మూడో పేరుకు నా నోరు తిరుగలే.
నోరు తిరుగకున్నా
లోపలికైతే పోయింది.

మా పోసక్క నా అంగీ దులపదు, బక్కెట్ల ముంచుతది.
మొదటి నీళ్లు కాటుక.
రెండో నీళ్లు కాటుక.
మూడో నీళ్లకు ఇంట్ల కొట్లాట.

నా జోడీదారు మడావి చిన్నుకు
చంద్రపూర్ దవాఖానల ఎక్స్‌రే తీసిండ్రు.
బీడీ తాగుతవా అని అడిగిండ్రు.
తాగుత అన్నడు, అబద్ధమాడరాదు వానికి.
కాగితం మీద బీడీ అనే రాసిండ్రు.
ఇరవై ఏండ్ల సైడింగు
ఒక్క బీడీల ఇమిడిపోయింది.

మొన్న ఎండకాలం మొదట్ల కొత్త సరుకు దిగింది.
పత్తికట్టె. ఇక్కడోళ్లు పళాటీ అంటరు.
గులాబీ పురుగు దాగుతదని
ఏటా చేన్లనే అంటుబెట్టే కట్టె,
ఊరంత పొగ, కండ్లల్ల మంట.
గదే ఇప్పుడు మిషన్ల నలిగి
బొటనవేలంత గుళ్లై బస్తాలకెక్కింది.
మా తమ్ముని చేను కూడ ఉండొచ్చు అండ్ల.

సంబరపడబోతే దేవ్‌రావ్ ఆపిండు.
పెట్‌కోక్ ఒక పాలు ఇచ్చే వేడికి
ఇది రెండు పాళ్లు కావాలట.
వానకు తడిస్తే ఉబ్బి పిండైతదట.
"ఇప్పటికైతే నూటికి ఎనిమిది కలుపుతున్నం కాకా."

మూడో తరగతిల బడి ఇడిసిన మనిషిని.
నూట్ల ఎనిమిది పోతే ఎంతని
వేళ్ల మీద లెక్కబెట్టుకున్న.
వేళ్లు నల్లగున్నయ్.

ఆ దినం గుళ్ల లారీకి తాడిపత్రి జర గట్టిగనే గుంజిన,
మబ్బు లేకున్నా.
పొద్దుమీకి ముక్కు చీదితే
రుమాలు మీద గోధుమరంగు.
దుమ్ము దుమ్మే, మందు కాదు, నాకు ఎరుకే.

కని గా రుమాలు పోసక్క బక్కెట్ల ఎయ్యలే.
మడతబెట్టి చిన్ను ఇంటికి తీస్కపోయిన.
వాడు దీపం కాడికి జరిగి, విప్పి చూసి
"చేను మట్టి" అన్నడు.

ఇంకేమో అనబోయిండు.
దగ్గు అననియ్యలే.