ఎల్లాజీ తాళం

దీనికి తెలుగులో పేరు లేదు.
ఓడ మీద వంటచేసే మా అయ్య
వస్తువు తెచ్చాడు గానీ పేరు తేలేదు,
ఖాకీ లాగు జేబులో, నూనెగుడ్డలో చుట్టి.
రెండు ఇనుప పిడులు, పళ్ళున్న చక్రమొకటి,
పదునున్న చక్రమొకటి,
పక్కన తిప్పడానికి సీతాకోక రెక్కలంటి చెవి.
అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి
"ఏటిది, పోకచెక్కలు కత్తిరించేదా?" అంది.

అంతకుముందు మా ఇంట్లో డబ్బా తెరవడమంటే
కొట్లాటే.
మేకు పెట్టి, రోకలితో మోది,
చుట్టూ పొడిచి, కత్తిమొనతో మూత పైకి లేపి...
ఒక బఠాణీల డబ్బా
అమ్మ ఎడమ బొటనవేల్లో కొంత ఉంచేసుకుంది.
చేపలకు ఉప్పు పట్టించే ప్రతిసారీ
ఆ మచ్చ దగ్గర చెయ్యి ఆగేది,
హార్బర్లో ఉన్న ఓడలన్నిటికీ కలిపి
ఒకే తిట్టు.

ఇది వచ్చాక,
అంచుకు కరిపించి, పిడులు దగ్గరకు నొక్కి, రెక్క తిప్పితే
టక్కుమని చిన్న ఊపిరి.
తరవాత కరకర,
అటుకుల మూటలోకి ఎలుక దారి చేసుకున్నట్టు.
బలం వద్దు. కోపం అసలే వద్దు.
"నువ్వు తిప్పతా ఉండు, అదే నడుస్తాది" అన్నాడు అయ్య.
ఆరేళ్ళ దాన్ని, తిప్పాను.
నడిచింది.

తుపానొచ్చిన ఏడు
మా జాలారిపేట రేకులు సగం కొండవైపు ఎగిరిపోయాయి.
అగ్గిపెట్టెలు తడిసిపోయాయి, పొయ్యిల్లో సముద్రం.
పాతపట్నంలో గోడ కూలిన గోడౌను షావుకారు
నీళ్ళు తిన్న డబ్బాలను
బస్తాకింత అని అమ్మేశాడు.
కాగితాలన్నీ ఊడిపోయి
ఏ డబ్బా చూసినా ఒకే మొహం.
లోపలేముందో షావుకారుకే తెలీదు.

ఆ మూడు రోజులూ
మా తాళం మా ఇంట్లో పడుకోలేదు.
కాసులమ్మకు అనాసముక్కలు,
ఎదురింటివాళ్ళకు వరసగా నాలుగు టమాటా గుజ్జు
(నాలుగోది తెరిచాక ఆ ఇంట్లో పెద్ద గొడవ).
జ్వరంతో ఉన్న దానయ్య తాతకు రసగుల్లాలు.
ముందు వాసన చూశాడు, పాకం తాగాడు,
ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.
"ఓలమ్మా, నాను సచ్చిపోనేదు గదా?"

వాతంతో వేళ్ళు ముడుచుకుపోయి
వల అల్లడం మానేసిన మరిడమ్మ
తన డబ్బా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.
అరచేత్తో రెక్కను నెట్టి, ఆగి, మళ్ళీ నెట్టి,
మధ్యాన్నం మొదలుపెడితే పొద్దు వాలేసరికి
మూత గుండ్రంగా లేచొచ్చింది.
"ఇంకోటియ్యండే" అంది.
తినడానికి కాదు.

ఆ గొడవలో ఎవరు మొదలెట్టారో,
"ఎల్లాజీ తాళం ఎవులింట్లో ఉందే?" అని
ఒక కేక.
మా అయ్య పేరు అలా పేటంతా తిరిగింది.
ఆయన మాత్రం తల వంచుకుని
బీడీ ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు.

చివరికి ఒకే డబ్బా మిగిలింది,
మూత పొంగి, పెళ్ళిభోజనం చేసిన పొట్టలా.
తమ్ముడు పరదేశి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.
అయ్య తాళం తీసి జేబులో వేసుకున్నాడు.
"ఉబ్బిన డబ్బా తెరవకూడదురా.
ఓడలో ఒకడు తెరిచాడు."
ఆ ఒకడి పేరు ఎన్నడూ చెప్పలేదు.
తెప్పల వెనక ఇసకలో మోకాలి లోతు తవ్వి
దాన్ని పూడ్చాడు, పైన రాయి కూడా పెట్టాడు.

ఇప్పుడు మూతలకే ఉంగరాలొచ్చాయి,
వేలు దూర్చి లాగితే చాలు.
తాళం నా సొరుగులో ఉంది,
మరిడమ్మ కట్టిన నీలం వలతాడుతో సహా.
అప్పుడప్పుడు ఉత్తినే రెక్క తిప్పుతాను, ఒక చుక్క నూనె వేస్తాను.

పరదేశికి బట్టతల వచ్చింది,
గాజువాకలో క్యాంటీను.
నిన్న కూడా ఫోన్లో, ఏ సంబంధమూ లేకుండా,
"అక్కా, అది రసగుల్లాయే" అన్నాడు.