లాగ్‌బుక్కు

పొద్దుగాల అయిదింటికి రాసిన:
డోజర్ నంబర్ పదిహేడు. డీజిల్ ఫుల్. ఆపరేటర్ ఓదెలు.
జాగ: వాదీ సుమైరా, గుట్ట మీది రోడ్డు.

జాగ అని రాసుడే గాని
ఆ గుట్ట మీద బొందలున్నయి.
వడ్లగుమ్ముల లెక్క గుండ్రంగ,
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయి మీద రాయి.
ఎవరియో ఊరోళ్ళకు సుత ఎరుక లేదు.
"మాకంటె ముందటోళ్ళయి" అంటరు.
పేర్లు మరిచిండ్రు గాని
అటు కాళ్ళు చాపుకొని మాత్రం పండరు.

గుట్ట కింద నలభై గడప.
కొండ కడుపులకెళ్ళి ఒక కాలువ, ఫలజ్ అంటరు,
జానెడు లోతున పారుకుంట వచ్చి
ఖర్జూరం మళ్ళకు వంతుల కొద్ది పోతది.
పగలు పాతిన కట్టె నీడను చూసి
రాత్రి చుక్కను చూసి వంతు మారుస్తరు.
చుక్క గుట్టెక్కంగనే ముసలి ఖల్ఫాన్
ఒక తూముల గోనెసంచి పీకి
ఇంకో తూముల కుక్కుతడు.
కంపెనీ మ్యాపుల ఆ కాలువ లేదు.
సన్నటి నీలిగీత ఒకటి గీయనీకి
ఎవలకూ పెన్సిల్ దొరకనట్టుంది.

గ్యాసు ప్లాంటు వస్తదట.
తాటిచెట్టుకు మూడింతల మంటగొట్టం వస్తదట.
మొన్న మీటింగుల మేకలు కాసే మౌజా లేచి అడిగింది:
"రాత్రంత మంట మండితె
చుక్క ఎట్ల కనవడాలె?
నీళ్ళు ఎవరియని ఎట్ల తెలవాలె?"
ఇంజనీరు జరసేపు ఆలోచించి
ఇంటికో గడియారం ఇస్తమన్నడు.
ఎవలూ నవ్వలేదు.
చాయ్ గ్లాసులు అట్లనే వదిలి లేచి పోయిండ్రు.

ఇయ్యాల బ్లేడు ముంగట చాప పరిచి
మౌజా కూసున్నది.
ఎనుక ఇరవై మంది. జెండా లేదు, అరుపు లేదు.
ఒక ఫ్లాస్కు, ఖర్జూరాల గిన్నె,
తోక కొరుక్కుంటున్న ఒక మేకపిల్ల.
దిగు అని చెయ్యూపింది. దిగిన.
యాలకుల వాసన కావా పోసింది, చిటికెడంత కప్పుల.
సగం అరబ్బీ, సగం హిందీ:
"నీదే ఊరు?"

ఊరు పేరు నోటిదాక వచ్చి ఆగింది.
ఇప్పుడది ఓపెన్‌కాస్టు మూడో నంబరు.
బడి ఉన్నకాడ నూరు గజాల గుంత,
మా నాయిన బొంద ఉన్నకాడ
డంపర్లు మలుపు తిరుగుతయి.
మేం సుత కూసున్నం, పదకొండు దినాలు.
పన్నెండో దినం చెక్కులు వచ్చినయి.
ఆ పైసలతోనే డోజర్ నేర్చుకున్న.
ఆ పైసలతోనే వీసా కొన్న.
ఇదంత ఏ బాసల చెప్పాలె?
"మట్టి కింద" అన్న.
ఆమె ఏమనుకున్నదో,
గుట్ట మీది రాళ్ళ దిక్కు చూసి
ఇంకో కప్పు పోసింది.

వీళ్ళ కాడ ఒక పద్ధతి ఉన్నది.
చాలు అనాల్నంటె కప్పు అటుఇటు ఊపాలె.
ఊపకపోతె పోస్తనే ఉంటరు.
మూడేండ్లాయె నేను వచ్చి, నాకు తెల్సు.
ఊపలేదు.

ఏడో కప్పుకు ఫోర్‌మన్ ఫోన్.
తొమ్మిదికి ఇంకోటి.
పన్నెండుకు గుండె దడదడ, అది కావాకో భయానికో.
ఫ్లాస్కు ఒడిసింది.
ఊర్లకెళ్ళి ఒక పిల్లగాడు ఇంకోటి తెచ్చిండు.
కట్టె నీడ జరిగింది,
కింద ఎవలిదో వంతు వచ్చింది,
నీళ్ళు మలిగిన సప్పుడు ఇంతదాక ఇనొచ్చింది.

పొద్దుమీకి రాసిన:
హైడ్రాలిక్ లీకు. పని కాలేదు.
అబద్ధమని ఫోర్‌మన్‌కు తెల్సు.
నెల జీతంల ఎంత కోస్తడో నాకు తెల్వది.
రేపు నా సీట్ల నేపాల్ పిల్లగాడు ధనబహదూర్ ఎక్కుతడు.
మంచోడు. చెల్లె పెండ్లి అప్పున్నది.
క్యాంపుల అన్నం కాడ వానికి
బాధ చెప్పలేదు, ధర్మం చెప్పలేదు,
పద్ధతి ఒక్కటే చెప్పిన:
ముసలామె కావా పోస్తది, తాగు.
కప్పు మాత్రం ఊపకు.