మందు అలవాటు

"మందు అలవాటుందా?"
తలెత్తకుండానే అడిగింది డాక్టరమ్మ.
లేదన్నాను.
పక్క కుర్చీలో మా భూలోకం
నా తరఫున ఇంకో రెండుసార్లు లేదంది.
అయినా ఆవిడ కలం కాసేపు
గాల్లోనే ఆగింది,
బెర్తు దొరకని ఓడలాగ.

మహారాణిపేట సందు చివర స్కానింగు గది.
చొక్కా ఎత్తి పడుకుంటే
చల్లటి జిగురేదో పూసి
కుడి డొక్క కింద వెతికిందొక చిన్నపిల్ల,
మా రెండోదాని ఈడు.
తెరమీద నాకు కనపడింది
డిసెంబరు పొద్దున యారాడ కొండ మీది మంచే.
"కార్జం నిండా కొవ్వు పట్టింది అంకుల్, గ్రేడు రెండు" అంది,
పక్క వీధికి దారి చెప్పినంత మామూలుగా.

కొవ్వు.
ఆ మాట నాకు కొత్తా?
ఇరవై ఏళ్ల కిందట
అందరి ముందూ లేచి ఓవర్‌టైం లెక్క అడిగితే
"వీడికి కొవ్వెక్కిందిరా" అన్నాడు మా మేస్త్రీ.
ఇన్నాళ్లకి కాగితం మీద రుజువైంది.

నేను పోర్టులో క్రేను నడుపుతాను.
ఇనప మెట్లెక్కి అద్దాల గదిలో కూచుంటే
మళ్లీ దిగేది భోజనానికే.
కింద ఓడ పొట్ట తెరుచుకుని ఉంటుంది.
బకెట్టు దిగుతుంది, బొగ్గు కరుచుకుని లేస్తుంది,
తిరుగుతుంది, కక్కుతుంది.
ఎనిమిది గంటల్లో కదిలేవి
నా రెండు మణికట్లు.
సరుకు దించని ఓడకి రోజుకింతని డెమరేజి.
నా లోపలిది ఎన్నాళ్లుగా నిలబడిపోయిందో,
ఆ లెక్క ఎవరు రాస్తున్నారో.

మా అయ్య కార్జం చెడే పోయాడు.
కేజీహెచ్ వరండాలో, పచ్చబడ్డ కళ్లతో,
నా చెయ్యి పట్టుకుని ఒట్టేయించుకున్నాడు.
ఆ ఒట్టు తప్పలేదు నేను.
చుక్క ముట్టలేదు.
టీలు ముట్టాను, రోజుకి ఎనిమిది, మూడేసి చెంచాల పంచదార.
రాత్రి డ్యూటీలో పరోటాలు.
మాడుగుల హల్వా తెచ్చినవాణ్ణి ఏనాడూ కాదన్లేదు.
అయ్య పడుకున్న గదికే
వేరే గుమ్మంలోంచి వచ్చాను.

రక్తంలో నాలుగొందల పన్నెండు.
షుగరు సంగతి ఆరేళ్లుగా తెలిసిందే.
"రోజుకొక మాత్ర, పొద్దున్నే.
సగం పని ఇది చేస్తుంది,
మిగతా సగం మీ కాళ్లు" అంది డాక్టరమ్మ.
జగదాంబ దగ్గర షాపతను కత్తెర తెరిచి
"నెలకా, పదికా?" అన్నాడు.
ధర విని, పదికన్నాను.

కందిగింజంత ఉంది.
నాలిక మీద పెట్టి ఒక్క గుటక నీళ్లు తాగితే
దిగిపోతుంది
ఒంటరి కళాసీ,
పార లేకుండా, తట్ట లేకుండా,
చీకటి గిడ్డంగిలోకి.
ఏం చేస్తున్నాడో చూద్దామంటే
నా క్యాబిన్‌కున్న అద్దం దీనికి లేదు.

షిఫ్టు మారేవేళ నూకరాజు నవ్వాడు,
"మందు మొదలెట్టేవంట గదా అన్నా!"
మెట్ల మీద పదిమందీ నవ్వారు.
నేనూ నవ్వాను గానీ
ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.
అయ్యని తీసుకుపోయినదానికీ
నన్ను నిలబెడుతుందన్నదానికీ
ఒకటే పేరు పెట్టుకున్నామేంటి మనం!

మూడు నెలలకి రక్తంలో రెండొందల ఇరవయ్యారు.
భూలోకం ఆ కాగితాన్ని
కనకమాలక్ష్మి కుంకుమ పొట్లం పక్కన పెట్టింది.
స్కానింగు పిల్ల మాత్రం
తెర వంక చాలాసేపు చూసి
"ఇంకా రెండే అంకుల్" అంది.
ఈసారి కొంచెం మెల్లగా అంది.

పాతపోస్టాఫీసు నుంచి కోస్టల్ బ్యాటరీ దాకా
తెల్లారకుండానే నడుస్తాం.
నాకు ఆయాసం, దానికి మోకాళ్లు.
గోడ మీద చతికిలబడి
దూరంగా లంగరేసిన ఓడల దీపాలు
వేలితో లెక్కపెడుతుందది.
"నిన్న తొమ్మిది.
ఇయాల ఎనిమిదే ఉన్నాయి.
ఒకటి లోపలికెళ్లినట్టుంది."