పేరు చేర్చుట కొరకు

మా సెక్షన్లో రెండే టేబుళ్లు.
నాది జననాలు, పక్కది మరణాలు.
మధ్యలో ఒక ముసలి ఫ్యాను.
దాని గాలికి అటు కాగితం ఒక్కోసారి ఇటు ఎగిరొస్తుంది.
మాట్లాడకుండా తిరిగి ఇచ్చేస్తాం.

నేను చేరిన మూడో ఏడు, రోళ్లు పగిలే ఎండలో
పెదజాలరిపేట నుంచి తెడ్డు కాసులమ్మ వచ్చింది.
కొంగుముడిలో ఆసుపత్రి చీటీ,
చేతులకింకా పొద్దుటి కవళ్ల వాసన.
"మనవరాలికి పేరు రాయించాల బాబూ."
చెప్పమ్మా.
"సుక్కాని."

పెన్ను ఆగింది.
సుకన్యా? చుక్కా రాణా?
"కాదు బాబూ, సుక్కాని.
పడవకి ఉంతాది సూడు, ఎనకాతల."

కోడలికి నొప్పులు మొదలైనప్పుడు
కొడుకు దానయ్య బోటు భీమిలికి ఆవలెక్కడో ఉందట.
చుక్కాని విరిగి రెండ్రోజులు
నీరు ఎటంటే అటు.
మూడో రాత్రి ఐసు పెట్టె మూత ఊడబెరికి
వెనకాల తాళ్లతో బిగించి
డాల్ఫిన్ నోస్ మీది దీపం మీద కన్ను తియ్యకుండా
తిప్పుకొచ్చారట.
వాడు ఇసకలో కాలు పెట్టేసరికి
కేజీహెచ్‌లో ఇది కేరుమంది.
"మూత పేరు ఎట్టలేం గదా బాబూ,
అది సేసిన పని పేరు ఎట్టినాం."

నేను డిగ్రీ చదివినవాణ్ణి.
ఆవిడ 'సు'ని 'చు' చేసి
గుండ్రంగా రాశాను: చుక్కాని.
వేలిముద్ర వేసి వెళ్లిపోయింది.

మరుసటేడు అదే పేట నుంచి ఇంకొకటి.
తర్వాత ఫిషింగ్ హార్బర్ వెనక వీధి.
కాన్పుల వార్డులో నర్సు కరుణమ్మ
పేరు తోచని తల్లులకల్లా ఇదే చెప్పేదట.
జ్ఞానాపురంలో మేరీ చుక్కాని.
గాజువాకలో ఎవరో మగపిల్లాడికే పెట్టేశారు.
ఎంవీపీ కాలనీ లిఫ్టులెక్కేసరికి
ఇంగ్లీషు స్పెల్లింగుకి రెండు హెచ్‌లు మొలిచాయి,
సంఖ్యాశాస్త్రం ప్రకారం.
టక్ చేసుకున్న ఒక తండ్రి
నాకే అర్థం చెప్పాడు:
"చుక్క అంటే తార, ఆణి అంటే ముత్యం.
సంస్కృతమండీ. ఎక్కడా ఉండదు."
ఔనండీ అన్నాను.
ఆ నెలలో అతను నాలుగోవాడు.
ఐసు పెట్టె మూత గొంతు దాకా వచ్చింది,
చెప్పలేదు.
ఫారంలో దానికి గడి లేదు.

ఒక వానాకాలం, పని లేని పూట,
పక్క టేబులు అప్పలనరసయ్యని అడిగాను,
నీ దగ్గరికి ఈ పేరు ఎప్పుడైనా వచ్చిందా?
బీడీ ఆర్పి పాత పుస్తకాలన్నీ తిరగేశాడు.
వరహాలమ్మలు, బంగారమ్మలు, సీతారత్నాలు
జట్లు జట్లుగా అటు వెళ్లిపోతున్నారు,
ఇటు నుంచి కొత్తవాళ్లు పుట్టడం లేదు.
ఇది మాత్రం లేదన్నాడు.
ఇంకా ఎవరూ చావని పేరు.
ఆ రోజు టీ డబ్బులు నేనే ఇచ్చాను.

రిటైర్మెంటు ఇంకా పదకొండు రోజులుందనగా
చంకలో బిడ్డతో ఒకావిడ.
తల్లి పేరు గడి దగ్గర నా చూపు ఆగిపోయింది.
మీ పుట్టింటివాళ్లు తెడ్డువారా?
"అవునండి."
లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలీదు.
మీ పేరు ఈ ఊళ్లో నూట ముప్పై ఏడుగురికుంది,
తెలుసామ్మా?

నవ్వింది.
"అది మీరు రాసిన పేరు సార్.
బేంకులో ఆ పేరెట్టి పిలిస్తే
రెండోసారికి గానీ నాననుకోను.
ఇంటికాడ, ఒడ్డుకాడ
నాను సుక్కానినే."

నూట ముప్పై ఏడు.
కూడిందంతా నా అక్షరం.
కాసులమ్మ పెట్టిన పేరు గలది
ఊరు మొత్తానికి ఒక్కతే,
నా బల్లకి అటువైపు
బిడ్డ ముక్కు తుడుస్తోంది.

పాపకేం పేరమ్మా?
"సినుకు."
ఇంకోసారి చెప్పించుకుని
ఒక్కొక్క మీటా వెతికి కొట్టాను.
అప్పలనరసయ్య తెర వైపు తొంగి చూసి
'చి' కదరా అది, అన్నాడు.
కాదన్నాను.