వరుస

సెప్టెంబరు. మొఖొట్లాంగ్ కొండల్లో
మంచు ఇంకా పూర్తిగా కరగలేదు.
క్లినిక్‌లో పొయ్యి దగ్గరికి కుర్చీ జరుపుకుని
మాపులెంగ్ పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను.
ముప్ఫై ఒకటి. ఏడాదికొకటి.
ఒకదానికి గుర్రం చెమట వాసన,
ఒకదానికి సెంకు నది దాటినప్పటి బురద,
ఒకదాని అట్ట మీద ఎవరివో పాలపళ్ల గాట్లు.

మా వైపు కోడలు గడప దాటి రాగానే
అత్తింటివాళ్లు కొత్త పేరు పెడతారు,
ఇంకా పుట్టని బిడ్డకు తల్లిని చేసి.
పులెంగ్ అంటే వానలో పుట్టినది.
మాపులెంగ్ అంటే పులెంగ్ వాళ్లమ్మ.
పేరు వచ్చింది. వాన రాలేదు.
భర్త బంగారు గనికి వెళ్లి
దగ్గు ఒక్కటే సంపాదించుకుని తిరిగొచ్చాడు,
అదీ ఎన్నాళ్లో ఇంట్లో వినపడలేదు.

ఆ తర్వాతే త్రాసు భుజానికెత్తుకుంది.
హా లెటుకాలో పీచ్ చెట్టు కొమ్మకు వేలాడదీసి
గుడ్డ ఉయ్యాల్లో పసివాణ్ని కూర్చోబెట్టేది.
వాడు కాళ్లు తన్నుకుంటుంటే
ముల్లు పిచ్చెత్తినట్టు ఊగేది.
ఆమె రాసేది కాదు.
"ఆగండి, ఏడుపు దిగనివ్వండి.
నాకు పిల్లాడి బరువు చాలు."

రెండు నెలలుగా ముల్లు కదలని పిల్ల ఉంటే
తల్లిని ఒక్క మాట అనేది కాదు.
సాయంత్రం వాళ్లింటి జావ కుండలోకి తొంగిచూసేది.
మర్నాడు ఆ గుమ్మంలో చిక్కుడు గింజల మూట.
ఎవరు పెట్టారని ఎవరూ అడిగేవారు కాదు.

పదహారేళ్ల రెఫిలొవె పాలు పడక ఏడుస్తుంటే
మూడు రాత్రులు ఆ గుడిసెలోనే నడుం వాల్చింది.
గని నుంచి సెలవుకొచ్చిన తండ్రి
బిడ్డను ఎత్తుకోడానికి జంకితే
దుప్పటి విప్పించి గుండె మీద పడుకోబెట్టింది.
"సుత్తిని ఎలా పట్టుకోవాలో ఎవర్నైనా అడిగావా?
పట్టుకో. అదే వస్తుంది."

తల్లీ తండ్రీ పోయిన నలుగురిని
ఒక్క అవ్వ సాకుతుంటే
నలుగురినీ తూచాక అవ్వ వైపు తిరిగింది.
ఆ త్రాసు ఇరవై అయిదు కిలోల దగ్గర ఆగిపోతుంది.
కంటితోనే తూచి, అంచున రాసుకుంది:
"అవ్వ. తగ్గింది."

నాకామె మీద ఒకే ఫిర్యాదు.
ప్రతి పుస్తకంలో, ప్రతి నెలా, మొదటి వరుస ఖాళీ.
పేరు లేదు, తేదీ లేదు, కిలోలు లేవు.
రెండో వరుస నుంచే పిల్లలు మొదలు.
"కాగితం దండగ" అన్నానొకసారి,
కొత్త ఉద్యోగం పొగరులో.
ఆమె గుర్రానికి జీను బిగిస్తూ
"అది నిండిందే, కాటిసో" అంది.
నేను లెక్క తెలియని మనిషి అనుకున్నాను.

పోయిన వారం త్రాసు అప్పగించింది.
జిల్లా నుంచి జీపులో ముగ్గురొచ్చారు,
కొత్త దుప్పటి కప్పారు, చాలాసేపు మాట్లాడారు.
ఆమె చూపంతా వెనకెక్కడో
ముక్కు కారుతున్న ఒక పిల్ల మీద.
పక్కనున్న పెద్దాయన నన్నడిగాడు,
ఈవిడ మీకు ఏ వరుస అవుతుందని.
తొమ్మిదో పుస్తకం, నవంబరు నెల:
కాటిసో, మూడు కిలోల నూరు గ్రాములు.
"పద్నాలుగో వరుస" అన్నాను.
ఆయనకేం అర్థమయిందో, తలూపాడు.

ఇవాళ కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు.
మొదటి గడి ఖాళీగా వదిలితే
ఎర్రబడి, పేరు రాయమంటోంది.
బయట పీచ్ పూల మీద, రేకు కప్పు మీద
ఈ ఏటి తొలి చినుకులు.
రాశాను: పులెంగ్.
బరువు ఎంత, అంది.

ఏడుపు దిగేదాకా
ఆగాను.