వార్తలు చెప్పకూడదు

చిత్తూరు గ్రీంస్‌పేటలో
జిరాక్సు అంగడి పైన మా రేడియో.
గోడలనిండా కోడిగుడ్ల అట్టలు,
కిటికీకి ఎవరో ఇచ్చిన బొంత.
ఫ్యాను ఆపితేగానీ మైకు పనికిరాదు.
బేస్తవారం రాత్రి ఎనిమిదిన్నరకు
చెమటతోనే మొదలవుతుంది మా ర్యాప్ కచేరీ.

తలుపు మీద లైసెన్సు కాగితం:
వార్తలు చెప్పకూడదు.
రాజకీయం మాట్లాడకూడదు.
పాటలు వేసుకోవచ్చు.
"సరే, పాటే పాడదాం" అన్నాడు ఖాజాపీరు,
తోతాపురి కిలో ఎంతో ప్రాసలో పెట్టి.

మునిలత పగలంతా గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరుతుంది.
సొన కాల్చిన వేళ్ళతో మైకు పట్టుకుని
ఊపిరి తీసుకోకుండా అంటుంది:
గేటు బయట ట్రాక్టరు, గేటు లోపల కాంట్రాక్టరు,
మూడు రాత్రులు మాగినాక మూడు రూపాయలంటారు!
నేను ఫేడరు మీద చెయ్యి పెట్టుకుని
కాగితం వైపు చూస్తాను.
నా పని అంతే, పెంచడం, తగ్గించడం, భయపడడం.

మా అవ్వది తిరపతి.
గంగజాతరలో వేషం కట్టినోడు
ఎంత పెద్దోడినైనా తిట్టొచ్చు అనేది.
మాకు బొగ్గు లేదు, సున్నంబొట్లు లేవు.
చీకట్లో పోయే గొంతే వేషం అనుకున్నాం.

మోత మురకంబట్టు దొరసామి మామది.
ఏదో సావు కాడ పలక కొడతా ఉంటే
ఖాజా ఫోన్‌లో పట్టుకొచ్చినాడు.
ల్యాప్‌టాప్‌లో కోసి, అతికించి, తూకం చూసి
వారమైనా అది కుదురుగా కూర్చోలేదు.
మామే ఒకరోజు మెట్లెక్కి వచ్చి,
చెప్పులు బయట ఇడిసి, విని,
"మీ మిషన్ తప్పు కొట్టడం లేదబ్బా,
అందుకే బాగలేదు" అని
టీ తాగి ఎల్లిపోయినాడు.

ఫోన్లు వస్తాయి.
ఒకాయనకు సినిమా పాట కావాలి.
గుడియాత్తం రోడ్డు ఆటో అన్నకు తమిళంలో కావాలి.
ఇంకొకడు: "ఎవుర్రా మీరు? యాడుంటారు?"
"అరగంటకోసారి అడ్రసు చెప్తానే ఉండాం కదన్నా."

ఆ రాత్రి చివరి ఫోను ఒక ఆడమనిషిది.
"నా పేరు పెట్టొద్దు.
జీతం రాలేదని మాత్రం పాటలో పెట్టండి.
రోడ్లు ఊడుస్తాం మేము, నలబైమందిమి."
మునిలత నన్ను చూసింది. నేను తలుపును చూసినాను.
"అక్కా, వార్తలు చెప్పకూడదంట మేము."

కాసేపు ఏమీ లేదు.
తర్వాత ఆమె, కోపం లేకుండా:
"అయిదు నెల్లయింది పాపా.
ఇంకా వార్త ఎట్లయితాది?"

ఖాజా నవ్వబోయి ఆగిపోయినాడు.
ఆమె ఫోను పెట్టలేదు,
భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని
పని చేసుకుంటానే ఉన్నట్టుంది.
చీపురు. చీపురు.
బండి నెట్టడానికి ఒక ఆగుడు.
మళ్ళీ చీపురు.

పలక మోతను సున్నాకు దించేసినాను.
మునిలత మైకు దగ్గరికి జరిగింది,
నోరు తెరిచింది, ఏమీ అనలేదు.
చిత్తూరంతా అదే విన్నింది,
వినేవాళ్ళు ఎంతమందో మాకెప్పుడూ తెలీదనుకో.

తర్వాత రావాల్సిన
పండు ఈగ నివారణ సలహాలు
పదకొండు నిమిషాలు లేటు.