బిల్లు ఎవరి పేరున

త్రియెస్తె ఊళ్ళో బోరా గాలి లేచిన రోజు
ఆరేసిన బట్ట ఆరేసినవాళ్ళది కాదు.
అందుకే నెవెంకా తడిబట్టలన్నీ
స్నానాల తొట్టిలోనే కుప్పపోసి ఉంచింది.
నాలుగంతస్తులు, లిఫ్టు లేదు.
పనిముట్ల పెట్టె ప్రతి మెట్టు దగ్గరా
నా మోకాలితో గొడవపడింది.

ఇంటాయన నాకన్నా ముందే వచ్చాడు,
ఒదొరీకో కొస్సుత్తా, డెబ్బై దాటినవాడు.
టోపీ చేత్తో పట్టుకుని
తన ఇంటి గడపకి తనే ఇవతల నిలబడ్డాడు.
పిలిస్తేగాని లోపలికి రాకూడదని
ఆయన సంతకం పెట్టిన కాగితమే చెబుతోంది మరి.
ఆమె రమ్మనలేదు.
రాత్రంతా ఆసుపత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి,
ఆ రెండక్షరాలకీ ఓపిక మిగల్లేదు.

నేను తుల్లియోని. ముప్పై ఏళ్ళుగా
పరాయి వంటిళ్ళలో నేలమీద పడుకుని
మనుషుల్ని చీలమండల దాకానే చూసినవాణ్ణి.
ఆ ఎత్తు నుంచి
ఇల్లెవరిదో, అద్దె ఎవరు కడతారో తెలియదు.
అందరి మేజోళ్ళూ మడమ దగ్గరే చిరుగుతాయి.

పైన మాటలు మొదలయ్యాయి.
"సెప్టెంబరులోనే చెప్పాను, గరగరమంటోందని."
"గరగరమంటే తిరుగుతున్నట్టేగా."
"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది మీరు."
"వారానికి ఎన్నిసార్లు వేస్తావమ్మా ఉతుకు?"
"పిల్లాడికి మూడేళ్ళు. మీరే లెక్కెయ్యండి."
ప్లాస్టిక్ కవర్లోంచి ఒప్పందం బయటికొచ్చింది, ఆరో పేజీ:
చిన్న రిపేర్లు ఉంటున్నవాళ్ళవి,
పెద్ద రిపేర్లు ఇల్లుగలవాళ్ళవి.
చిన్నది ఎక్కడ ఆగి
పెద్దది ఎక్కడ మొదలవుతుందో
ఆ గీత గీయాల్సిన పెన్సిలు
నా చెవి వెనకాల ఉందని
ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

ఫిల్టరు మూత తిప్పాను.
నల్లటి నీళ్ళు పళ్ళెంలోకి దిగాయి,
వాటి వెనకే పీచు, జుట్టు, సబ్బు జిగురు,
పిడికెడు.
అందులో ఒక ఎర్ర గుండీ, పిల్లాడిది.
వంకర తిరిగిన సన్నటి తీగ. అది దేనిదో
నెవెంకా చెప్పలేదు, నేనడగలేదు,
కొస్సుత్తా గోడమీది క్యాలెండరు చదువుకున్నాడు.
అట్టడుగున ఒక నాణెం.
రెండువందల లీరాలు.

లీరాలు చెల్లకుండా పోయేనాటికి
నెవెంకా సరిహద్దుకవతల పూలాలో
ఎక్కాలు అప్పజెబుతోంది.
ఈ డ్రమ్ములో అప్పుడు వేరే చొక్కాలు తిరిగేవి.
ముసలాయన గడప దాటాడు. ఎవరూ పిలవలేదు.
నాణేన్ని కోటు అంచుతో తుడిచి
వెలుతురుకి పట్టి చూశాడు.
"జేబులు చూడకుండా వేస్తావని
ఒర్సోలాని ఎంత మాటన్నానో," అన్నాడు.
"ఆ వారమంతా వంట చేసింది, మాట్లాడలేదు."

నిజం చెప్పాలంటే, యంత్రం ఆగింది
గుండీ వల్లా కాదు, తీగ వల్లా కాదు,
లీరాల వల్ల అసలే కాదు.
బేరింగు అరిగింది. పాతికేళ్ళు తిరిగింది, అరిగింది, అంతే.
కాలానికి పూచీ ఎవరిదని రాశారో
ఇద్దరూ ఒకే కాగితంలోకి వంగి వెతికారు.
ఒకరి తల ఒకరికి తగిలింది కూడా.
తలా పిడికెడు పంచుకోడానికి
నా అరచేతిలో ఉన్నది మురికి మాత్రమే.

బేరింగు ఆయన పేరున రాశాను, ఫిల్టరు ఆమె పేరున.
నూట నలభై యూరోలా అని ఆయన గోడకి ఆనుకున్నాడు.
పన్నెండా అని ఆమె పర్సు మూసింది.
ఇద్దరికీ నామీదే కోపం.
గీత సరిగ్గానే పడినట్టుంది.

కొత్త బేరింగు గురువారానికిగాని రాదు.
తొట్టిలో పెద్ద దుప్పటి ఒకటుంది,
పిండాలంటే ఇద్దరుండాలి.
మెట్లు దిగుతుంటే పైనుంచి
నీళ్ళు ధారకట్టిన చప్పుడు వినిపించింది.
ఒక జత చేతులో, రెండు జతలో,
గాలి హోరులో తేల్చుకోలేకపోయాను.